స్పర్శ తగ్గిన పాదానికి చెప్పులు, బూట్లు ఎలా ఎంచుకోవాలి?

కొత్త బూట్లు తొడుక్కుని నాలుగడుగులు నడిచి "అబ్బ, కాలికి అతికినట్టు భలే ఉన్నాయండీ" అంటారు కొందరు. ఆ మాట వినగానే నాకు అనుమానం మొదలవుతుంది. పాదాల సంరక్షణ పనిలో ఏళ్లు గడిపితే పట్టుకునే జబ్బు ఇది. అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు సరైన సైజు బూటు వదులుగా, ఏమీ వేసుకోనట్టే అనిపిస్తుంది. నొక్కితే గానీ తొడుక్కున్నట్టు తెలియదు. అందుకని షాపులో తమకు తెలియకుండానే ఒక సైజు తక్కువది ఎంచుకుంటారు. సాయంత్రానికి చిటికెన వేలి పక్కన బొబ్బ లేస్తుంది, అదీ తెలియదు. రెండు మూడు రోజులయ్యాక సాక్సుకు తడి మరక కనిపిస్తే అప్పుడు విషయం బయటపడుతుంది.

మామూలు కాలికి చెప్పు కరిస్తే నొప్పి పుడుతుంది, కుంటుతాం, విప్పి పారేస్తాం. మొద్దుబారిన కాలికి ఆ కాపలా లేదు. కాబట్టి నొప్పి చేయాల్సిన పనిని చేతికి, కంటికి, కాగితానికి, గడియారానికి అప్పజెప్పాలి. ఆ అప్పగింత ఎలాగో ఇక్కడ ఒక్కో అడుగుగా చెబుతాను.

ఇది ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్ల కోసం. కుష్ఠు నయమైనా స్పర్శ తిరిగిరానివాళ్లు, విటమిన్ బి12 లోపం వల్లో, ఏళ్ల తరబడి మద్యం వల్లో, కొన్ని కేన్సర్ మందుల వల్లో నరాలు దెబ్బతిన్నవాళ్లు, కాళ్లకు రక్తప్రసారం తగ్గినవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కీళ్లవాతంతో కాలివేళ్లు వంకర తిరిగినవాళ్లు కూడా ఈ కోవలోకే వస్తారు.

మొదటి అడుగు: కాలికి ఎంత ముప్పు ఉందో తేల్చుకోండి

బూటు ఎంపిక షాపులో కాదు, మంచం మీద మొదలవుతుంది. సాక్సులు విప్పి, పడుకుని, కళ్లు మూసుకోండి. ఇంట్లో ఎవరైనా చూపుడువేలితో మీ కాలివేళ్ల కొసల్ని ఒక్కొక్కటిగా తాకాలి. వరస ఇది: కుడి బొటనవేలు, కుడి చిటికెన వేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెన వేలు, కుడి నడిమి వేలు, ఎడమ నడిమి వేలు. ఈక వాలినంత తేలిగ్గా, ఒకటి రెండు సెకన్లు తాకితే చాలు. నొక్కకూడదు, గీరకూడదు, తెలియలేదు కదా అని రెండోసారి తాకకూడదు. తెలిసినప్పుడల్లా 'కుడి' అనో 'ఎడమ' అనో మీరు చెప్పాలి. ఆరింటిలో రెండు గానీ, అంతకన్నా ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గి ఉండొచ్చని అర్థం. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో రూపొందిన పరీక్ష ఇది. పరికరం ఏదీ అక్కర్లేదు.

క్లినిక్‌లో దీన్నే ఇంకాస్త పకడ్బందీగా చూస్తారు. 10 గ్రాముల బలానికి వంగే నైలాన్ పోగును అరికాలికి ఆనిస్తారు, 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ను బొటనవేలి ఎముక మీద పెట్టి అదురు తెలుస్తోందా అని అడుగుతారు. పాదం మీద, చీలమండ లోపలి పక్కన నాడి కొట్టుకుంటోందో లేదో చూస్తారు.

డయాబెటిస్ పాదాల మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం పెట్టిన లెక్క ప్రకారం స్పర్శ, నాడి రెండూ బాగుంటే ఏడాదికి ఒకసారి పాదాలు చూపించుకుంటే సరిపోతుంది. రెండింట్లో ఒకటి తగ్గితే 6 నుంచి 12 నెలలకు ఒకసారి. రెండూ తగ్గినా, ఒకటి తగ్గి దానికి వేళ్ల వంకర తోడైనా 3 నుంచి 6 నెలలకు. స్పర్శ గానీ నాడి గానీ తగ్గిన కాలికి ఇదివరకే పుండు పడి మానినా, వేలో పాదమో తీసేయాల్సి వచ్చినా, కిడ్నీలు పూర్తిగా చెడినా 1 నుంచి 3 నెలలకు ఒకసారి చూపించుకోవాలి. ఈ చివరి గుంపువాళ్లు 'మానిపోయింది కదా' అని తేలిగ్గా తీసుకోకూడదు. పుండు మానిన ఏడాదిలోపే పదిమందిలో సుమారు నలుగురికి మళ్లీ పడుతుంది.

మీరు ఏ గుంపులో ఉన్నారో తెలిశాకే ఎలాంటి బూటు కావాలన్న ప్రశ్న. అన్నీ బాగున్నవాళ్లు మామూలు బూట్లే, కాలికి సరిపోయేవి చూసి కొనుక్కోవచ్చు.

రెండో అడుగు: చెప్పు కాలిని ఎలా దెబ్బతీస్తుందో తెలుసుకోండి

1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతుల మీద, కాళ్ల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వేళ్లు రోగంతో కుళ్లి రాలిపోతాయని అప్పటిదాకా జనం నమ్మకం. స్పర్శ లేక, తగిలిన దెబ్బ తెలియక, తెలియని దెబ్బ మీద మళ్లీ దెబ్బ పడటం వల్లే వేళ్లు అరిగిపోతున్నాయని ఆయన చూపించారు. ఆయన వివరించిన దారులే ఇప్పుడు షుగర్ కాలికీ వర్తిస్తాయి.

ఒకటి, కొద్దిపాటి ఒత్తిడి గంటల తరబడి ఉండటం. బిగుతు బూటు చేసే పని ఇదే. చర్మంలోని సన్నటి రక్తనాళాలు నలిగి ఆ చోటుకు రక్తం అందదు. పాదం పక్కల, చిటికెన వేలి మొదట, బొటనవేలి కీలు దగ్గర, మడమ వెనక ఎముక పైకి తేలి ఉంటుంది గనక అక్కడే దెబ్బ తగులుతుంది. రెండు, ఒక్కసారిగా దిగే మేకో గాజు పెంకో. మూడోది అన్నిటికన్నా మోసకారి. ఒకే చోట, పెద్దగా గట్టిది కాని ఒత్తిడి, రోజుకు కొన్ని వేలసార్లు పడటం. మనకు ఒకచోట అరికాలు మండితే తెలియకుండానే నడక మార్చి బరువు పక్కకు నెట్టేస్తాం. స్పర్శ లేనివాళ్లు అదే నడక, అదే చోటు మీద బరువు, ఎంతసేపైనా నడుస్తూనే ఉంటారు.

ఆ చోట మొదట కాయ కాస్తుంది. కాయ కాస్తే కాలు గట్టిపడిందనుకోవడం పొరపాటు. బూటులో గులకరాయి వేసుకుని నడిచినట్టే ఆ కాయే లోపలి కండను నలుపుతుంది. కాయ కింద నల్లగానో ముదురు ఎరుపుగానో మచ్చ కనిపిస్తే లోపల రక్తం చిమ్మిందని, పుండు గుమ్మం దాకా వచ్చిందని అర్థం. బ్లేడుతో మీరే చెక్కుకోవడం, ఆనెల మందు అంటించడం వద్దు. ఆ మందుల్లో ఉండే ఆమ్లం కాయను, పక్కనున్న మంచి చర్మాన్ని వేరుగా చూడదు.

నరాలు చెడితే స్పర్శతో ఆగదు. పాదంలోని చిన్న కండరాలు బలహీనపడి వేళ్లు గద్ద గోళ్లలా వంగుతాయి. వాటి కణుపులు పైకి లేచి బూటు కప్పుకు రాసుకుంటాయి. చెమట పట్టక చర్మం ఎండి మడమలు పగుళ్లు తీస్తాయి. ఇంకో మాయ కూడా ఉంది. నరాలు దెబ్బతిన్న పాదం ఒక్కోసారి వెచ్చగా, రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తుంది. దాన్ని చూసి 'రక్తం బాగానే ఆడుతోంది' అనుకోవద్దు. వేళ్ల కొసలకు రక్తం చాలకపోయినా పాదం వెచ్చగానే ఉండొచ్చు.

మూడో అడుగు: సైజు నంబరు మర్చిపోయి కాలు కొలవండి

ఒక పెద్దాయన బూటు మీద 8 అని ఉంది. "ముప్పై ఏళ్లుగా నాది ఎనిమిదేనండీ" అన్నారు. ఆయన్ను తెల్లకాగితం మీద నిలబెట్టి, పెన్సిలు నిట్టనిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీశాను. గీత వెంట కత్తిరించిన కాగితప్పాదాన్ని ఆయన బూటులోకే దూర్చమన్నాను. చిటికెన వేలి వైపు అంచు పైకి మడతపడింది. ఆయన కాగితాన్ని బయటికి లాగి, మడతను బొటనవేలితో రుద్ది సరిచేసి, మళ్లీ దూర్చారు. మళ్లీ అక్కడే మడత. అప్పుడు సాక్సు విప్పి చూస్తే చిటికెన వేలి మొదట సరిగ్గా ఆ మడత పొడవునా ఎర్రటి చార ఉంది. ఆయన దాన్ని చూసి, బూటును చూసి, "ఇది కొని రెండేళ్లయింది" అని మాత్రం అన్నారు.

వయసుతో పాదం పొడవు, వెడల్పు పెరుగుతాయి. ఒక కంపెనీ ఎనిమిదీ ఇంకో కంపెనీ ఎనిమిదీ ఒకటి కావు. అందుకని ఇలా చేయండి.

సాయంత్రం పూట కొలవండి, అప్పటికి కాలు కాస్త వాచి ఉంటుంది. నిలబడి కొలవండి, బరువు పడితే పాదం పరుచుకుంటుంది. రెండు పాదాలూ గీయండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. అన్నిటికన్నా పొడుగు వేలు బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలు ముందుకు ఉంటుంది. ఆ పొడుగు వేలి కొసకు ముందు బూటు లోపల ఇంకా 1 నుంచి 2 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. బొటనవేలి మొదట్లో ఉన్న కీలు నుంచి చిటికెన వేలి మొదట్లో ఉన్న కీలు దాకా పాదం ఎంత వెడల్పుందో బూటు లోపలా అంతే వెడల్పు కావాలి. వేళ్లన్నీ పైకి కిందికి ఆడించగలిగేంత ఎత్తు కావాలి.

బిగుతు ప్రమాదమన్నాం కదా అని రెండు సైజులు పెద్దవి కొనేవాళ్లూ ఉన్నారు. పాదం లోపల ముందుకూ వెనక్కీ జారి మడమ వెనక బొబ్బలు లేస్తాయి. రెండు కాళ్లకూ బాగా తేడా ఉంటే రెండు వేర్వేరు సైజులు తీసుకోవడం తప్ప దారి లేదు.

నాలుగో అడుగు: కొనేముందు బూటును చేత్తో పరీక్షించండి

మొదట చెయ్యి లోపలికి పెట్టి ముందుకొస దాకా తడమండి. కుట్టు ఉబ్బు, జిగురు గడ్డ, మేకు మొన, మడతపడ్డ అస్తరు ఏది తగిలినా పక్కన పెట్టేయండి. మీ చేతివేళ్లలో కూడా స్పర్శ తగ్గి ఉంటే ఈ పని ఇంట్లో ఇంకొకరితో చేయించండి. చాలామంది మర్చిపోయేది ఇదే.

మడమ వెనక భాగాన్ని బొటనవేలితో లోపలికి నొక్కండి, అది నలిగిపోకూడదు. బూటును రెండు చివర్లా పట్టుకుని వంచండి. వేళ్లు వంగే చోటే వంగాలి, మధ్యలో పుస్తకంలా మడతపడేది పనికిరాదు. సోలు మేకును ఆపగలిగేంత మందంగా, జారకుండా ఉండాలి. మడమ ఎత్తు పెరిగినకొద్దీ బరువంతా వేళ్ల మొదళ్ల మీదికి జారుతుంది గనక 2.5 సెంటీమీటర్లు దాటనివ్వకండి. ముందు భాగం సూదిగా కాక గుండ్రంగానో చతురస్రంగానో ఉండాలి. పైభాగం మెత్తటి తోలో, సాగే బట్టో అయితే వంకర వేళ్లకు చోటిస్తుంది.

లేసో వెల్‌క్రో పట్టీయో తప్పనిసరి. కాలు దూర్చేసి వెళ్లిపోయే బూట్లు పాదాన్ని పట్టి ఉంచాలంటే బిగుతుగా ఉండక తప్పదు, వదులైతే జారతాయి. వంగలేనివాళ్లకు, వేళ్లలో పట్టు లేనివాళ్లకు వెల్‌క్రో మేలు.

ఇక చెప్పుల సంగతి. బొటనవేలికీ పక్క వేలికీ మధ్య పట్టీ ఉండే చెప్పులు మానేయాలి. సందులో చర్మం కోసుకుపోతుంది, చెప్పు జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టుకోవడం వల్ల వంకర ఇంకా పెరుగుతుంది, పైగా స్పర్శ లేనివాళ్లకు దారిలో చెప్పు ఊడిపోయినా తెలియదు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ, ఒంటి చెప్పుతో క్లినిక్‌లోకి వచ్చినవాళ్లను చూశాను. చెప్పులే కావాలంటే వెడల్పాటి, సర్దుకునే పట్టీలు రెండు ముందు, మడమ వెనక ఒకటి, లోపల మెత్తటి రబ్బరు అట్ట ఉన్నవి చూసుకోండి.

ఐదో అడుగు: ముప్పును బట్టి లోపలి అట్ట

స్పర్శ తగ్గినా పాదం ఆకారం మారనివాళ్లకు కొలతకు సరిపోయే మంచి బూటు, అందులో మెత్తటి అట్ట చాలు. సన్నటి రంధ్రాల రబ్బరు, అంటే ఎంసీఆర్, ఈ పనికి ఎన్నాళ్లనుంచో వాడుతున్నారు. అట్ట అదనంగా పెడితే లోపల ఎత్తు తగ్గి వేళ్లు కప్పుకు తగులుతాయి. అందుకే లోతు ఎక్కువున్న బూట్లు వేరుగా చేస్తారు. మామూలు బూటులో మందపాటి అట్ట దూర్చడం కన్నా ఊరుకోవడం నయం.

వేళ్లు వంకర తిరిగినా, పుండు పడి మానినా పాదం అచ్చు తీసి అరికాలంతా ఆనేలా చేసిన అట్ట కావాలి. బరువు ఒకచోట కాకుండా అంతటా పరుచుకుంటుంది. వేళ్ల మొదళ్ల దగ్గర పుండు పడినవాళ్లకు సోలు అడుగు పడవలా వంపు తిరిగిన బూటు ఇస్తారు. పాదం వంగకుండానే ముందుకు దొర్లుతుంది కాబట్టి అక్కడ బరువు తగ్గుతుంది. తూలే స్వభావం ఉన్నవాళ్లకు మాత్రం దీన్ని జాగ్రత్తగా ఆలోచించి ఇవ్వాలి, పడితే కథ మొదటికొస్తుంది.

అరికాలిలో పుండు పడి మానినవాళ్లకు చేయించే బూటు నిజంగా పనిచేస్తోందా అని యంత్రంతో కొలవొచ్చు. నడుస్తుండగా ముప్పున్న చోట ఒత్తిడి కనీసం 30 శాతం తగ్గాలి, లేదా 200 కిలోపాస్కల్స్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) లోపు ఉండాలి. 1995లో ఇటలీలో వెలువడిన ఒక అధ్యయనంలో ఇలాంటి ప్రత్యేక బూట్లు వేసుకున్నవాళ్లలో ఏడాదిలో 27.7 శాతం మందికి పుండు మళ్లీ పడితే, తమ మామూలు బూట్లే వేసుకున్నవాళ్లలో 58.3 శాతం మందికి పడింది. సగానికి తగ్గిందని సంతోషించొచ్చు, కానీ మంచి బూటు వేసుకున్నా నలుగురిలో ఒకరికి పైగా పడిందన్నదీ చూడాలి. ఆ మిగిలిన ముప్పు కోసమే కింది రెండు అడుగులు.

ఆరో అడుగు: గడియారం చూసి అలవాటు చేయండి, రోజూ తడమండి

కొత్త బూట్లతో మొదటిరోజే ప్రయాణం పెట్టుకోకండి. మొదటిరోజు గంట సేపు ఇంట్లోనే వేసుకుని విప్పండి. పాదం పైన, పక్కల, మడమ, వేళ్ల సందులు చూడండి, అరికాలు కనిపించకపోతే పాదం కింద అద్దం పెట్టుకోండి. ముదురు రంగు చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు. అందుకని ఎక్కడైనా వేడిగా, గట్టిగా ఉందేమో చేతివేళ్ల వెనకవైపుతో తాకి చూడండి. విప్పిన అరగంటకు కూడా పోని ఎరుపు, వేడి ఉంటే ఆ బూటు ఆ చోట నొక్కుతోందన్నమాట. 'అదే సర్దుకుంటుంది' అని ఊరుకోకుండా సరిచేయించుకోవాలి. ఏమీ లేకపోతే మర్నాడు రెండు గంటలు, ఆపైన మెల్లగా పెంచండి.

తర్వాత ఇక రోజూ చేయాల్సింది. తొడుక్కునే ముందు బూటు తిరగేసి దులపండి, చెయ్యి పెట్టి తడమండి. ఒకావిడ బూటు దులిపితే మనవడి బొమ్మకారు చక్రం పడింది. సెనగగింజ అంత ఉంటుంది. ఉదయం నుంచి దాని మీదే నడిచింది. అట్ట మీద దాని గుంట, అరికాలి మీద సరిగ్గా అంతే గుండ్రటి ముద్ర. "వీడు రెండ్రోజులుగా ఏడుస్తున్నాడు, చక్రం పోయిందని" అని నవ్వేసింది గానీ, ఆ ముద్ర పుండు కాకుండా మానడానికి మూడు వారాలు నడక తగ్గించాల్సి వచ్చింది.

సాక్సులు లేకుండా బూటు వద్దు. కుట్టు లేనివి దొరక్కపోతే తిరగేసి తొడుక్కోండి, కుట్టు బయటికి పోతుంది. పైన రబ్బరు పిక్కను కోసేలా ఉండకూడదు. తెల్లవో లేతరంగువో అయితే రక్తం, చీము మరక వెంటనే కనిపిస్తుంది.

ముప్పు ఎక్కువున్నవాళ్లు చర్మం వేడిని కొలిచే థర్మామీటరుతో రెండు పాదాల్నీ ఒకే చోట్ల కొలిచి పోల్చుకోవచ్చు. వరసగా రెండు రోజులు ఒకే చోట తేడా 2.2 డిగ్రీల సెల్సియస్ దాటితే నడక తగ్గించి క్లినిక్‌లో చూపించుకోవాలి. చర్మం తెగకముందే లోపలి నలుగుడు వేడిగా బయటపడుతుంది.

ఏడో అడుగు: ఇంట్లో కూడా

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. 2013లో వెలువడిన ఒక డచ్ అధ్యయనంలో, పుండు పడి మానిన 107 మంది తమకు చేయించిన బూట్లను ఎంతసేపు వేసుకుంటున్నారో యంత్రాలతో లెక్కపెట్టారు. బయట ఉన్నప్పుడు సగటున 87 శాతం అడుగులు ఆ బూట్లతోనే వేశారు. ఇంట్లో 61 శాతమే. తమాషా ఏమిటంటే, రోజు మొత్తంలో వాళ్లు బయటకన్నా ఇంట్లోనే ఎక్కువ అడుగులు వేశారు. గదికీ వంటింటికీ, బాత్రూముకూ తిరిగే తిరుగుడును మనం నడక కింద లెక్కెయ్యం. అరికాలు లెక్కేస్తుంది.

ఇంట్లో బూటు బరువనిపిస్తే ఇంటికి వేరుగా, తేలిగ్గా, వెనక పట్టీ ఉన్న జత చేయించుకోండి. అది మంచం పక్కనే ఉండాలి, గుమ్మం దగ్గర కాదు. రాత్రి లేచేటప్పుడు కాలు మొదట అందులోకే దిగాలి.

ఏ బూటూ పనికిరాని సమయాలు

పుండు ఇప్పటికే ఉంటే బూటు దానికి చికిత్స కాదు. అరికాలి పుండు మానాలంటే మోకాలి కింది దాకా వేసే, విప్పడానికి వీల్లేని కట్టు లాంటివి మొదట ఆలోచిస్తారు. విప్పగలిగేది ఇస్తే ఇంట్లో విప్పేస్తాం మరి. అయితే ఇన్ఫెక్షన్ ఉన్నా, రక్తప్రసారం బాగా తగ్గినా అలాంటి కట్టు కుదరకపోవచ్చు, కాబట్టి అది వైద్యులు తేల్చాల్సిందే.

పుండేమీ లేకుండా ఒక పాదం ఉన్నట్టుండి వాచి, ఎర్రబడి, రెండోదానికన్నా వేడిగా ఉంటే బెణుకు అనుకుని నడవకండి. నొప్పి లేకపోవడం ధైర్యం ఇచ్చే విషయం కాదు. నరాలు చెడిన పాదంలో ఎముకలు లోలోపల విరిగి కూలిపోయే జబ్బు, షార్కో పాదం, ఇలాగే మొదలవుతుంది. ఆ దశలో నడిచిన ప్రతి అడుగూ పాదం ఆకారాన్ని చెరుపుతుంది. బరువు మోపకుండా ఆ రోజే వెళ్లాలి. వేలు నల్లబడినా, పుండు నుంచి వాసన వచ్చినా, పాదం మీద ఎరుపు పాకుతున్నా, జ్వరం తగిలినా అంతే.

ఎప్పుడు వెళ్లినా వేసుకున్న బూట్లతో పాటు ఇంట్లో తొడిగేవి, పండక్కో పెళ్లికో తీసేవి, అలమరలో మూలన పడ్డవి అన్నీ సంచిలో వేసుకెళ్లండి. అట్టలు బయటికి లాగి వెలుతురులో చూస్తే పాదం ఎక్కడ గట్టిగా నొక్కుతోందో గుంటలు పడి కనిపిస్తుంది. అలాంటి గుంట పడి, వేలితో నొక్కినా తిరిగి లేవని అట్టను అక్కడే వదిలేసి రండి.